కానుకా కాదు, కొన్నదీ కాదు

బొబ్బిలి పక్కన గొల్లపల్లి నా పుట్టిల్లు. కుండా దండీ ఒకే పనస మానులోంచి తొలిచిన ఏకాండి వీణని నేను. మైనం మీద కూర్చోబెట్టిన 24 మెట్లు, 7 తీగలు, కొసన నోరు తెరిచిన యాళి ముఖం. నన్ను చెక్కిన తీరు మొదలుపెడితే ఆపలేను కాబట్టి అది వదిలేస్తాను. విజయనగరంలో ఒక తాతగారు మనవరాలి కోసం నన్ను కొన్నారు. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరది. ఆడపిల్లకి నాలుగు కీర్తనలు రాకపోతే నలుగురూ ఏమనుకుంటారో అని పెద్దవాళ్లు బెంగపడేవారు.

నా దండి అంచునా, కుండ చుట్టూ తెల్లని పూలపని ఉంది. అది గజదంతమని తాతగారు ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేవారు. ప్లాస్టిక్ అని నాకు తెలుసు, నన్ను చేసిన మనిషికి తెలుసు. పెద్దాయన ముచ్చట ఎందుకు చెడగొట్టాలి?

అమ్మాయి బాగానే వాయించేది. వర్ణాలు దాటి కీర్తనల్లో పడ్డాక మా ఇద్దరికీ చనువు కుదిరింది. ఇంతలో పెళ్లిచూపులు. ఆ సాయంత్రం నన్ను తుడిచి, శ్రుతి చేసి చాప మీద పెట్టారు. పల్లవి సగంలో ఉండగానే పెళ్లికొడుకు తల్లిగారు "చాల్లే అమ్మా, కాఫీ చల్లారిపోతోంది, లేచి రా" అన్నారు. సంబంధం కుదిరింది. నా ఉద్యోగం పోయింది.

కాపురం జర్మనీలో. సూట్‌కేసుల్లో కుక్కరు వెళ్లింది, ఇడ్లీ రేకులు వెళ్లాయి, చింతపండు కూడా వెళ్లింది. నా మీద మాత్రం పాత దుప్పటి కప్పి "తర్వాత తీసుకెళ్తాలే" అన్నారు. నిజానికి నన్ను తీసుకెళ్లాల్సిన సమయం అదే. ఐరోపా సమాఖ్య దేశాలకి కాపురం మార్చుకునేవాళ్లకి ఒక వెసులుబాటు ఉంది. అంతకుముందు 12 నెలలైనా బయట దేశంలో ఉండి, 6 నెలలకు తక్కువ కాకుండా వాడుకున్న సొంత సామానుని, వచ్చిన 12 నెలల్లోగా తెప్పించుకుంటే దిగుమతి సుంకమూ లేదు, పన్నూ లేదు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిసినా నాకోసం కిరాయి పెట్టేవారన్న భ్రమ నాకు లేదు.

అటక ఎక్కాను. మొదటి రెండు మూడేళ్లు దసరాకి దింపేవారు. సరస్వతీ పూజ నాడు బొట్టు పెట్టి, ఒక పువ్వు గుచ్చి, మర్నాడు ఎక్కించేసేవారు. తీగ మీద వేలు వేసినవాళ్లు లేరు. తర్వాత పూజకి సరస్వతి పటం చాలనుకున్నారు. వేసవిలో పెంకుల వేడికి మెట్ల కింద మైనం మెత్తబడి జారేది, చలికాలంలో బిగిసి బీటలు వారేది. తీగలు ఒక్కొక్కటే తుప్పు పట్టి తెగాయి. తెగేటప్పుడు టంగున మోగేవి; ఎలుక అనుకుని కోడలుగారు బోను పెట్టించారు. నా కుండలో బల్లి గుడ్లు పెట్టింది. సెలవులకి వచ్చిన పిల్లలు నన్ను దింపి డప్పు వాయించారు, ఒక బిరడా ఊడదీసి బొంగరం చేసుకున్నారు. అది ఇప్పటికీ దొరకలేదు. ఇంతా చేసి ఎవరికీ నా మీద కోపం లేదు. అసలు నేను ఉన్నానన్న ధ్యాసే లేదు.

ఇల్లు కూల్చి అపార్టుమెంటు కడతామని బిల్డర్ వచ్చినప్పుడు గానీ నా మాట రాలేదు. "పాత సామాన్లవాడికి ఇచ్చేయనా?" అని అన్నయ్య ఫోన్‌లో అడిగాడు. చెల్లెలు ఒక్క క్షణం ఆగి, "వద్దన్నయ్యా, నాకు పంపించు" అంది.

వీధిలో వడ్రంగి చేత మామిడి చెక్కతో పెట్టె కొట్టించారు. కార్గో ఏజెంటు చూసి తల అడ్డంగా ఊపాడు. పచ్చి చెక్కతో చేసిన పెట్టె అయితే 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచినట్టు గోధుమ కంకి బొమ్మ ముద్ర ఉండాలట. చెక్కలో పురుగు దేశం దాటకూడదు కదా. చెక్కి, మెరుగు పెట్టిన నాకు ఆ ముద్ర అక్కర్లేదు, నన్ను మోసే పెట్టెకి కావాలి! చివరికి ప్లైవుడ్ పెట్టె కట్టారు. దానికి ముద్ర అక్కర్లేదు.

ఇక కాగితాలు. అన్నయ్య రెండు సలహాలు విన్నాడు: వస్తువు గొప్పగా కనిపిస్తే జాగ్రత్తగా మోస్తారని ఒకరు, ధర తక్కువ వేస్తే పన్ను పడదని ఇంకొకరు. రెండూ పాటించాడు. "పురాతనమైన వీణ, కానుక, విలువ 500 రూపాయలు" అని ఇంగ్లీషులో రాశాడు. మన విమానాశ్రయంలోనే బండి ఆగింది. నూరేళ్లు నిండిన కళావస్తువుని మామూలు మనిషి దేశం దాటించకూడదని 1972లో చట్టం చేశారు. నాకు అంత వయసు లేదని పురావస్తు శాఖ కాగితం ఇచ్చాకే కదిలాను. 500 రూపాయల సరుకు ఇన్ని సంతకాలు పెట్టించుకుంది.

జర్మనీలో కస్టమ్స్ బల్ల మీద పెట్టె మూత అమ్మాయి చేతే తీయించారు. అక్కడ ఒక అధికారిణి, చేతి తొడుగులతో నన్ను నెమ్మదిగా తిప్పింది. యాళి పళ్లు చూసింది, మెట్ల మధ్య వేలితో తడిమింది. ఇన్నేళ్లలో నన్ను ఇంత శ్రద్ధగా చూసింది ఈవిడే, అదీ అనుమానంతో. తెల్లని పూలపని దగ్గర వేలు ఆగింది. ఇదేమిటని అడిగింది. మా అమ్మాయి ఏమీ ఆలోచించకుండా, "తాతగారు గజదంతం అనేవారు" అంది.

తాతా, నీ గొప్పలు సముద్రాలు దాటొచ్చాయి! ఏనుగు దంతం నిజమైతే అనుమతి పత్రాలు లేకుండా గడప దాటనివ్వరు. భూతద్దం వచ్చింది. దంతాన్ని అడ్డకోతలో చూస్తే ఒకదాన్నొకటి దాటే సన్నని గీతలు కనిపిస్తాయి. ఊడిన పువ్వు ముక్క అంచున చూశారు. ఒక్క గీతా లేదు. ప్లాస్టిక్ అన్నారు. జీవితంలో మొదటిసారి ఆ మాట విని నాకు ప్రాణం లేచొచ్చింది. అమ్మాయి ముఖం మాత్రం కాస్త చిన్నబోయింది.

అప్పుడు అసలు ప్రశ్న. కానుకా? అయితే పంపేవాళ్లూ పుచ్చుకునేవాళ్లూ మామూలు మనుషులై, డబ్బు చేతులు మారకుండా ఉంటే 45 యూరోల దాకా పన్ను లేదు. అమ్మాయి అబద్ధం ఆడలేక "నా వీణే" అంది. మరి కొన్నదా? కాదు. కాపురం మార్పు సామానా? ఆ గడువు ఎప్పుడో దాటింది. వదిలేసి వచ్చి, తర్వాత గుర్తొచ్చిన వస్తువుకి ఆ ఫారంలో గడి లేదు. 500 రూపాయలంటే అధికారిణి నవ్వింది. కొత్త వీణల ధరలు ఫోన్‌లో చూపించమంది, పాతదనం తీసేసి తనే ఒక విలువ కట్టింది. అన్నయ్య వేసిన ధర కంటే ఎన్నో రెట్లు ఎక్కువ! పన్ను కోసమే అయినా, నాకు గర్వంగానే ఉంది.

మామూలు దిగుమతి సరుకుగానే లెక్క వేశారు. నాలాంటి తీగవాద్యాలకి సుంకం 3.2 శాతం. సుంకం కలిపిన మొత్తం మీద మళ్లీ 19 శాతం దిగుమతి పన్ను. అంటే నూరు యూరోలకి దాదాపు 23. ఆ నూరులో విమానం కిరాయి కూడా కలుస్తుంది. నా కిరాయి నా విలువని మించిపోయింది గనక, పన్నులో పెద్ద వాటా నాది కాదు, విమానానిదే. అమ్మాయి కార్డు తీసి కట్టేసింది. రసీదులో నా పేరు తప్పు రాశారు.

ఇప్పుడు ఆమె హాల్లో, హీటరుకి దూరంగా ఉన్నాను. ఆ పొడి వేడికి పనస చెక్క పగులుతుందని ఎవరో చెప్పారట. తీగలు లేవు, ఒక బిరడా లేదు. ఆ తీగలూ ఇండియా నుంచే రావాలి. 22 యూరోల లోపు సరుకుకి పన్ను లేకుండా వచ్చే వెసులుబాటు ఐరోపాలో 2021 జూలై 1న పోయింది, కాబట్టి దుకాణంలో కొని తెప్పిస్తే తీగచుట్టకీ పన్నే. అన్నయ్యే కొని కానుకగా పంపిస్తానన్నాడు. కాగితం మీద ఏం రాయాలో అమ్మాయి ఫోన్‌లో అక్షరం అక్షరం చెప్పింది: వీణ తీగలు, కొత్తవి, ఎంత పెట్టి కొన్నావో అంతే.

"పురాతనం అని రాయకన్నయ్యా," అంది. ఆయన ఇంకా, "పోనీ మంచి తీగలు అని రాయనా?" అని అడుగుతున్నాడు.