హమ్రియా పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

మస్కట్‌లో రూవీని ఆనుకుని ఉన్న పేట హమ్రియా. జగిత్యాల నుంచీ నిజామాబాదు నుంచీ కోనసీమ నుంచీ వెళ్లిన మనవాళ్లు బెడ్‌స్పేస్ లెక్కన గదుల్లో సర్దుకునే చోటు. అక్కడ ఒక గది తలుపు వెనక, వంట టర్నుల పట్టికకూ కరెంటు బిల్లుకూ నడుమ, ఈ ఆటవెలది అంటించి ఉంది. కర్త పేరు లేదు. రాజోలు, తాటిపాక దగ్గర ఓఎన్‌జీసీ రిగ్గులు చూస్తూ పెరిగినవాడికి తప్ప ఈ విషయం తట్టదు గనుక కవి కోనసీమవాడేనని ఒక పక్షం. జగిత్యాలవాడని రెండో పక్షం. గదిలో మెజారిటీ వాళ్లదే. చమురు బావుల్లోకి దించే పనిముట్లను సరిచూసే వర్క్‌షాపులో హెల్పరుగా చేశాడన్నదొక్కటే ఉభయులూ ఒప్పుకునే మాట.

సందర్భం: కొత్తగా దిగిన కుర్రాడొకడు దేవుడి పటానికి ఈశాన్యం వెతుకుతున్నాడు. పక్క మంచం నిజామాబాదు భాయి నమాజుకు ఖిబ్లా చూసుకుంటున్నాడు. మస్కట్ నుంచి మక్కా దాదాపు నేరుగా పడమర. మూడు నాలుగు డిగ్రీలు దక్షిణానికి ఒరుగుతుంది, అంతే. ఇద్దరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. ఒక ఫోను చూపిన పడమర ఇంకో ఫోనులో వాయవ్యమైంది. తప్పు నీ ఫోనుదంటే నీ ఫోనుదని మాట పెరిగింది. అప్పుడు కవి చెప్పినది.

మూలం

ఇనుము వదలి నిలిచి యెనిమిది రీతుల
తిప్పి తిప్పి చూసి తీర్పు చెప్పు
భూమి మారదోయి పొరపడు నీ పెట్టె
దిద్ది రాసుకొనుము తేడలన్ని

ప్రతిపదార్థం

ఓయి = ఓ హెల్పరూ (సూపర్‌వైజరుకు కూడా వర్తించును); ఇనుము వదలి = ఇనుప మంచం దిగి, తాళాల గుత్తి తీసిపెట్టి, బెల్టు విప్పి, గ్యాస్ బండకు ఎడంగా జరిగి; నిలిచి = డాబా ఎక్కి కాదు (శ్లాబులోనూ ఊచలుంటాయి గనుక), ఖాళీ జాగాలో నిలబడి; ఎనిమిది రీతుల = పెక్కు భంగిమల్లో (వివాదం కలదు, ముందు చూడుడు); తిప్పి తిప్పి = ఒక్క తిప్పుతో తృప్తిపడక; చూసి = ప్రతిసారీ అంకెను కళ్లారా చూసి; తీర్పు చెప్పు = పెట్టె పనికొస్తుందో లేదో తేల్చు; భూమి మారదు = భూమి లాగే లాగుడూ దాని అయస్కాంత బలమూ నువ్వు పెట్టె తిప్పినంత మాత్రాన మారవు; నీ పెట్టె = గొట్టంలో అమర్చిన ఆరు సెన్సార్లు, లేదా నీ ఫోను; పొరపడు = తప్పక పొరపడును; తేడలన్ని = వచ్చిన అంకెకూ రావలసిన అంకెకూ మధ్య దూరాలన్నీ; దిద్ది రాసుకొనుము = సరిచేసి రిజిస్టరులో ఎక్కించు.

తాత్పర్యం

భూమిలోకి ఏటవాలుగా బావి తవ్వేటప్పుడు గొట్టం ఎటు పోతున్నదో చూడటానికి లోపల కన్ను లేదు. ఉన్నవి ఆరు సెన్సార్లు. మూడు గురుత్వాన్ని కొలుస్తాయి. గొట్టం ఎంత వాలిందో వాటిని బట్టి తెలుస్తుంది. మూడు అయస్కాంత క్షేత్రాన్ని కొలుస్తాయి; ఏ దిక్కుకు వాలిందో వాటితో తేలుతుంది. మొదటి మూడూ కింద ఏదో చెప్పకపోతే తర్వాతి మూడింటికీ ఉత్తరం ఏదో అర్థం కాదు. మన ఫోనులోనూ ఇదే కాపురం, బియ్యపు గింజంత చోటులో. ఇవి అబద్ధం ఆడుతున్నాయో లేదో తేల్చే పనికే కాలిబ్రేషన్ అని పేరు.

గురుత్వం సంగతి తేలిక. భూమి లాగుడును ఒకటిగా లెక్కేస్తే, సెన్సారును నిటారుగా నిలిపినప్పుడు 1.002 అంది. బోర్లిస్తే మైనస్ 0.998 అంది. రెండూ కూడి సగం చేస్తే 0.002 మిగిలింది. అది దాని పుట్టు పక్షపాతం. ప్రతి కొలతలోంచీ అంత తీసేస్తే సరి. బోర్లించకుండా ఎన్నిసార్లు చూసినా ఈ పక్షపాతం బయటపడదని గ్రహించునది.

ఇక మూడో పాదంలో ‘భూమి’ శ్లేష. లాగే భూమి ఒకటి, అయస్కాంత భూమి ఒకటి. మస్కట్ దగ్గర మొదటిది సెకనుకు సెకనుకు 9.79 మీటర్లు, రెండోది దాదాపు 44 వేల నానోటెస్లా. పెట్టెను ఎటు తిప్పినా, మూడు సెన్సార్ల కొలతలను వర్గాలు చేసి కూడి మూలం తీస్తే ఈ అంకెలే రావాలి. తిప్పినప్పుడల్లా అంకె మారిందంటే మారింది భూమి కాదు. ప్రయోగశాల అక్కర్లేకుండా భూమినే తూకంరాయి చేసుకున్న ఈ యుక్తికి మించిన చవక యుక్తిని నేను చూడలేదు.

ఇనుము వదలుట గూర్చి

ఈ రెండు మాటల మీద ఒక గ్రంథమే రాయొచ్చు. ఫ్రిజ్ తలుపుకు అంటించుకునే బొమ్మ వెనకాల అయస్కాంతం ఉంటుందే, దాని ముఖం దగ్గర బలం భూమి బలానికి వంద రెట్ల లెక్కలో ఉంటుంది. అటువంటిది ఫోను కవరుకు కుట్టించుకుని ఈశాన్యం అడిగేవాడికి కవి ఏమని జవాబిస్తాడు?

ఇనుము రెండు జాతులు. పెట్టెతోపాటు తిరిగేది ఒకటి: ఫోనులోని స్పీకరు, స్క్రూలు, కవరు క్లిప్పు. ఇది ఎటు తిప్పినా వెంటే ఉంటుంది కాబట్టి దాని దోషం ఎప్పుడూ ఒకే లెక్కలో వస్తుంది, తీసేయవచ్చు. రెండోది పెట్టెతో తిరగనిది: మంచం, గోడలోని ఊచ, కింద పార్కింగులో కారు. ఇది పెట్టె ఒక్కో వైపు తిరిగినప్పుడు ఒక్కోలా తగులుతుంది. ఇది కాలిబ్రేషన్‌కు లొంగదు. అంతకన్నా చేటేమిటంటే, ఇనుప మంచం మీద కూర్చుని ఫోను తిప్పితే ఆ మంచం దోషాన్ని ఫోను తన దోషంగా నేర్చుకుంటుంది. తర్వాత బయటికెళ్లి చూస్తే అక్కడా తప్పే. గది తగవులో కుర్రాడి ఫోనుకు పట్టిన గతి ఇదేనని నా ఊహ. అతనిది కింది మంచం, తల మీద ఇంకో మంచం.

ఓడలవాళ్లు దీన్ని చాలా ముందే అనుభవించారు. ఇనుప ఓడలు కట్టడం మొదలయ్యాక దిక్సూచులు పిచ్చెక్కినట్టు తిరిగితే, 1838లో ఖగోళ శాస్త్రవేత్త జార్జ్ ఎయిరీ రెయిన్‌బో అనే ఇనుప ఓడనే దిక్కు దిక్కుకూ తిప్పి, తేడాలు రాసి, దిక్సూచి పక్కన అయస్కాంతాలూ ఇనుప ముక్కలూ పెట్టి దిద్దాడు. మన కవి చెప్పిన తిప్పుడే, కాకపోతే పెట్టె బదులు ఓడ.

ఒమానీలకు ఆ బాధే లేకపోయింది. హమ్రియా నుంచి కొండ దాటితే అల్ బుస్తాన్ చౌరస్తాలో సోహార్ అనే చెక్క ఓడ నిలబెట్టి ఉంది. పాత పద్ధతిలో మేకు లేకుండా, పలకలను కొబ్బరి తాడుతో కుట్టి చేసిన ఓడ. యాత్రికుడు టిమ్ సెవెరిన్ దాన్ని 1980 నవంబరులో మస్కట్ నుంచి బయల్దేరదీసి మరుసటేడు చైనా చేర్చాడు. మూలంలోని మొదటి రెండు మాటలకు ఇంతకన్నా పెద్ద ఉదాహరణ దొరకదు. సముద్రంలో అయస్కాంతపు కొండలుంటాయనీ, దగ్గరికొచ్చిన ఓడల మేకులు ఊడబెరుకుతాయనీ అరేబియా కథల్లో ఉంటుంది. కథకు మూలమేదైనా, రూవీ, ముత్రహ్‌ల చుట్టూ ఉన్న నల్లని కొండల్లో మాగ్నటైటు ఉన్న మాట నిజం. దాదాపు 9.5 కోట్ల ఏళ్ల కిందట సముద్రగర్భం అడుగు రాయి నేల మీదికి ఎక్కి కూర్చోగా ఏర్పడ్డ కొండలవి. మేకులు పెరకవు. ఖిబ్లా చూసేవాడికి ఇబ్బంది పెట్టవు. చమురు బావివాడికి మాత్రం అలాంటి రాళ్ల చుట్టుపక్కల స్థానిక క్షేత్రాన్ని విడిగా కొలుచుకోక తప్పదు. దిక్కులో ఒక్క డిగ్రీ పొరపాటుంటే, పక్కకు కిలోమీటరు పోయేసరికి బావి 17 మీటర్లు తప్పుతుంది.

(ఒమాన్‌లోని ఫహూద్‌లో 1956లో మొదలుపెట్టిన మొదటి బావి ఎండు బావి అయింది. నూనె 1964లో, అక్కడికి కొన్ని వందల మీటర్ల దూరంలోనే బయటపడింది. అది సెన్సారు తప్పు కాదు, భూగర్భంలో పగులు ఎటుందో అందని తప్పు. అయినా మీటర్ల విలువ చెప్పడానికి ఈ కథ పనికొస్తుంది.)

ఎనిమిది అను సంఖ్య గూర్చి

ఇక్కడ టీకాకారులు చీలిపోయారు. ఎనిమిది దిక్కులకు తిప్పమని ప్రాచీనులు. గాలిలో 8 అంకె రాసినట్టు తిప్పమని ఫోనుకాలపు నవీనులు. నవీనుల పక్షానికి బలముంది: అలా తిప్పితే పెట్టె పైకీ కిందికీ పక్కకీ అన్ని వైపులకూ ముఖం చూపిస్తుంది. దిక్కులకు మాత్రమే తిప్పితే, పడుకోబెట్టిన పెట్టె పడుకునే ఉంటుంది, నిలువు సెన్సారుకు పరీక్షే జరగదు.

నేను ఇరువురినీ ఖండిస్తాను. మూడు సెన్సార్లకు మూడు పక్షపాతాలు, మూడు కొలబద్దల తప్పులు, ఒకదానికొకటి సరిగ్గా లంబంగా లేని కోణాలు మూడు: మొత్తం తొమ్మిది తెలియనివి. ఒక్కో భంగిమ ఒక్క సమీకరణమే ఇస్తుంది. ఎనిమిది భంగిమలతో తొమ్మిది ఎలా తేలుతాయి? అన్ని భంగిమల కొలతలనూ చుక్కలుగా పెడితే నడిబొడ్డు సరిగ్గా సున్నా మీదున్న బంతి రావాలి; చాలీచాలని భంగిమలతో అది పక్కకు జరిగిన కోడిగుడ్డో, నిజంగా బంతో చెప్పలేం. వర్క్‌షాపుల్లో రెండు డజన్ల భంగిమలు పెట్టేది ఇందుకే. ‘ఇరువది’ అంటే యతీ పోదు, గణమూ పోదు గానీ హెల్పరు పోతాడని కవి దయతలచి ఉంటాడు.

భూమి మారదా?

శంక: 2024 మే 10, 11 తేదీల్లో వచ్చిన అయస్కాంత తుఫానుకు లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది. ధ్రువాలకు దూరంగా ఉన్న ప్రాంతాల్లోనూ భూమి అయస్కాంత బలం సుమారు 400 నానోటెస్లా మేర తగ్గింది. అంటే ఒమాన్ లెక్కలో దాదాపు వందో వంతు. ఉత్తర అయస్కాంత ధ్రువం కెనడా వదిలి సైబీరియా దిక్కుకు నడుస్తోంది. ఆ నడక జోరుకు, అయిదేళ్లకోసారి మార్చే ప్రపంచ అయస్కాంత నమూనాను 2019 ఫిబ్రవరిలో గడువుకు ముందే మార్చాల్సి వచ్చింది. మరి ‘మారదోయి’ అనడమేమిటి?

సమాధానం: గురుత్వం పక్షాన కవి నిర్దోషి. అయస్కాంతం పక్షాన, పెట్టె తిప్పే అరగంటలో మారదని చెప్పుకోవాలి. తుఫాను రోజున తిప్పకూడదు. మంచి వర్క్‌షాపులో ఇంకో సెన్సారును కదలకుండా పక్కన పెట్టి, భూమి కదిలిందా లేదా అన్నది అది చూస్తుండగా దీన్ని తిప్పుతారు. మన హైదరాబాద్‌లో ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్లు ఏళ్ల తరబడి చేసేది ఆ కదలని సెన్సారు పనే. ఉప్పల్ రోడ్డులో ఆ సంస్థ ముంగిటే ఇప్పుడు మెట్రో పోతోంది, స్టేషనుకు సంస్థ పేరే పెట్టారు. ఆ రద్దీకి దూరంగా వాళ్లు ఇంకో అబ్జర్వేటరీని చౌటుప్పల్‌లో పెట్టుకున్నారు. ఇనుము వదలి నిలుచుట ఇదియే.

నాలుగో పాదం మీద ఆక్షేపణ

ఇంతవరకు కవిని వెనకేసుకొచ్చాను. ఇక్కడ కుదరదు. ‘దిద్ది రాసుకొనుము’ అన్నాడు. దిద్దాక రాస్తే రాసేదేముంది, అన్నీ ఒప్పులే. పెట్టె బావిలోంచి వచ్చినప్పుడు ఎంత తప్పుతో వచ్చిందో ముందు రాయాలి. దిద్దాక ఎంత మిగిలిందో తర్వాత రాయాలి. మొదటి అంకె పోతే, కిందటి నెల ఇదే పెట్టెతో తవ్విన బావులు ఎటు పోయాయో అడిగేవాడికి జవాబుండదు. తప్పు నిన్న మొదలైందో ఆరు నెలల కింద మొదలైందో తేల్చడానికి మిగిలిన ఏకైక సాక్షి ఆ దిద్దని అంకె. ‘ది’కి ‘తే’ యతి అందంగా కుదిరిందని కవి పని వరుసను తలకిందులు చేశాడు. కుర్ర హెల్పరు తెలియక చేసేదీ, పెద్ద ఇంజనీరు తెలిసి చేసేదీ ఇదే.

కాబట్టి ఈ పాదానికి నా పాఠం:

రాసి దిద్దుకొనుము రాదు కీడు

గణాలు సరిపోయాయి, యతి నిలిచింది. హమ్రియా గదిలో ఉన్నవారు ఎవరైనా ఇది చదివితే, తలుపు వెనక కాగితం మీద నాలుగో పాదం కొట్టేసి ఇది రాయండి. కొట్టేసేది సన్నని గీతతో. కింద పాత పాదం కనిపిస్తూ ఉండాలి.