‘పైన వేసుకునేదేగా’: స్వేదచంద్రికా వ్యాఖ్య

మూలము:
“ఫ్రీ సైజు మేడమ్. దుబాయ్ మాల్. బ్లాకే నడుస్తుంది. అయినా పైన వేసుకునేదేగా!”

అవతారిక: ఈ సూత్రచతుష్టయం ఏ మహర్షీ చెప్పింది కాదు. రోహిణీకార్తెలో, బడులు తెరవబోయే ముందు, ఒక బట్టల దుకాణంలో కుర్రవాడు సెల్‌ఫోను మీంచి తల ఎత్తకుండా సెలవిచ్చినది. ప్రశ్న ఇది: “కాస్త రంగుగా, ఒంటికి హాయిగా, నా కొలతకు సరిపోయే అబాయా ఉందా బాబూ?” అడిగినది అంబాజీపేటలో కాపురముండి పిల్లలకు తెలుగు చెప్పుకొనే పండితురాలు. అనగా నేను. ఈ సూత్రాలే కొద్దిపాటి పాఠభేదాలతో అమలాపురం, కాకినాడ, రాజమహేంద్రవరం దుకాణాల్లోనూ విన్నాను గనుక ఇవి ప్రక్షిప్తాలు కావని నిశ్చయము.

మల్లినాథసూరి భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష, కాళిదాసుకు సంజీవని రాశాడు. కొలిచెలమవారి ఇంట ఉక్కపోత ఎంతో నాకు తెలియదు గాని, మా కోనసీమలో కూర్చుని రాసేవారి వ్యాఖ్యకు స్వేదచంద్రిక అనే పేరే ఒప్పును.

మూలంలో ‘అబాయా’ శబ్దం లేదు, అధ్యాహార్యము. కట్టుకున్న బట్టల మీద ఒళ్ళంతా కప్పుతూ వేసుకునే వదులు వస్త్రమని అర్థము. అరబ్బీలో స్త్రీలింగము, మనకు అమహద్వాచకము. మా తొమ్మిదో తరగతి పిల్లలు దీన్ని ‘అభయ’ అని రాస్తారు. భయము లేనిది అభయ అని వ్యుత్పత్తి చెప్పుకోవచ్చును గాని, స్కూటీ వెనక చక్రంలోకి అంచు పోయిన రోజున ఆ వ్యుత్పత్తి నిలువలేదు. ముక్కామల రోడ్డు మీద ఇద్దరు కొబ్బరి దింపువాళ్ళు బండి ఆపి, చక్రం వెనక్కి తిప్పి, గుడ్డ బయటికి లాగారు. ప్రకృతము ననుసరింతము.

ఫ్రీ సైజు: ‘ఫ్రీ’ అనగా ఉచితము. తెలుగువాడికి ఉచితమంటే డబ్బు పెట్టనక్కరలేనిది, సంస్కృతంలో ఉచితమంటే తగినది. కాబట్టి ఫ్రీ సైజనగా ఉచిత పరిమాణము, తగిన కొలత అని విద్యార్థులు భ్రమపడే ప్రమాదమున్నది. పదకొండో శతాబ్దపు కాశ్మీరకుడు క్షేమేంద్రుడు ఔచిత్యమే కావ్యానికి ప్రాణమని ఒక గ్రంథమే రాశాడు. ఆ సిద్ధాంతానికి ఆయన ఎంచుకున్న ఉదాహరణ కట్టూబొట్టుకు సంబంధించినదే: మొలనూలు మెడకు వేసుకుని, హారం నడుముకు చుట్టుకుంటే నవ్వరా అని. క్షేమేంద్రుణ్ణి తీసుకొచ్చి ఈ దుకాణంలో అద్దం ముందు నిలబెట్టాలని నా కోరిక. భుజం కుట్టు మోచేతి దగ్గరికి వచ్చి కూర్చుంటే దాన్ని ఏ దోషం కింద రాసేవాడో!

అబాయాకు కొలతలు లేవా అంటే ఉన్నాయి. 50, 52, 54, 56, 58, 60. ఇవి భుజం మీంచి చీలమండ దాకా అంగుళాలు. నాది 52. దుకాణంలో ఉన్నది 56. “నాలుగంగుళాలు కత్తిరించేసుకోండి మేడమ్” అని ఉపసూత్రం. కాని, ఆ అబాయాకున్న ఏకైక అలంకారం, ఆ కాస్త లేసూ, అడుగంచునే ఉంది. నాలుగంగుళాలు కోస్తే నేను డబ్బు పోసి కొన్నది టైలరు చెత్తబుట్టలో పడుతుంది. యతి సవరించబోతే ప్రాస పోయే పద్యంలాంటిదిది. పోనీ మడిచి కుట్టిస్తే మడత బరువుకు అడుగు వేలాడుతుంది, చేతులు మాత్రం వేళ్ళు దాటి సుద్దముక్కను కప్పుతూనే ఉంటాయి.

ఇచ్చట ఒక ఆక్షేపణ. మా ఊరు అంబాజీపేట. కొబ్బరి మార్కెట్టుకు పెట్టింది పేరు. ఇక్కడ కురిడీ కొబ్బరికి రోజూ ధర కడతారు, వెయ్యి కాయలకు ఇంత అని. అందులో గండేరా ధర వేరు, గటగట ధర వేరు. పాతవి వేరు, కొత్తవి వేరు. నీటికాయలో మళ్ళీ ముక్కుడుకాయ వేరు, పచ్చికాయ వేరు. ఏ రైతూ ‘ఫ్రీ సైజు కాయలండీ’ అని రాశి పోయడు, పోస్తే కొనేవాడు లేడు. ఊళ్ళోని ఉద్యాన పరిశోధన స్థానంలో పొడవు చెట్టుకూ పొట్టి చెట్టుకూ సంకరం చేసి గోదావరి గంగ అని పేరు పెట్టారు, గంగాబొండం లోంచి ఏరి గౌతమీ గంగ అన్నారు. చెట్టు పొట్టిదైతే అది పొట్టి రకమని గౌరవంగా పట్టికలో రాస్తారు. అదే ఊళ్ళో ఐదడుగుల ఆడమనిషి మాత్రం, శాస్త్రానికీ దొరకక, దుకాణానికీ దొరకక, ఫ్రీ సైజు.

దుబాయ్ మాల్: శ్లేష. మాల్ అనగా ఉర్దూలో సరుకు. 2008లో తెరిచిన ఆ పెద్ద భవంతి పేరూ అదే. మొదటి అర్థంలో అబద్ధము, రెండో అర్థంలో అప్రస్తుతము. చీటీ మీద ‘కొరియన్ నిదా’ అని ఉన్నది. దుబాయి, కొరియా ఒకే వస్త్రంలో ఎట్లు కుదిరినవి అన్నది బహువ్రీహి, అనగా ఆ రెంటికీ చెందని మూడోచోట కుట్టినదని అన్యపదార్థప్రాధాన్యము.

నిదా మాత్రం వదలదగినది కాదు. ఉర్దూలో నిదా అంటే పిలుపు. చెమటను పిలుచునది నిదా అని నా నిర్వచనము. నిజం చెప్పాలి గనుక దాని గుణాలూ చెబుతాను: ముడతపడదు, జారుగా దిగుతుంది, ఉతికితే గంటలో ఆరుతుంది. అది పాలిస్టరు. తన బరువులో నూటికి ఒక వంతు తేమను కూడా పీల్చదు. నూలు ఏడెనిమిది వంతులు పీలుస్తుంది. గోదావరి పాయల మధ్య, కొబ్బరిచెట్ల కింద, గాలి కదలని మధ్యాహ్నం మూడింటికి, ఆరో పీరియడులో, సంధులు చెబుతూ ఈ తేడాను నా వీపు మీద కొలుచుకుంటాను.

బ్లాకే నడుస్తుంది: పూర్వపక్షము. నలుపు మతనియమం కదా, దుకాణదారుణ్ణి అంటే ఏం లాభం? సమాధానము: కప్పుకోమన్నారు గాని ఖురాన్‌లో రంగు పేరు చెప్పలేదు. 2018 మార్చిలో సౌదీ యువరాజే ఒక అమెరికన్ టీవీతో, నల్ల అబాయాయే వేసుకోవాలని షరీఅత్‌లో లేదని చెప్పాడు. ఆ మాట కుర్రవాడి సెల్‌ఫోనులోకి వచ్చే ఉంటుంది, చదివి ఉండడు.

మన ఆలంకారికులు ఇంతకంటే దయగలవారు. అమరుడు పైన కప్పుకొనే వస్త్రానికి నిచోళమని పేరు చెప్పాడు. గీతగోవిందంలో చెలికత్తె రాధను నల్లని నిచోళం వేసుకుని చీకట్లో కలిసిపొమ్మంటుంది. అది చీకటిరాత్రి గనుక. వెన్నెల రాత్రయితే నాయిక తెల్లబట్ట కట్టి, మల్లెలు ముడిచి, వెన్నెల్లో కలిసిపోవాలి. ఆమె శుక్లాభిసారిక, ఈమె కృష్ణాభిసారిక. దొంగచాటుగా ప్రియుడి దగ్గరికి పోయేదానికే రెండు రంగులిచ్చారు పూర్వులు! పట్టపగలు హాజరుపట్టీ పట్టుకుని బడికి పోయేదానికి ఒకటే రంగు.

రంగులంటే గుర్తొచ్చింది. మా అమ్మీకి రంగుల పేర్లు ఇంగ్లీషులో ఒక్కటీ తెలియవు. ఆమె రంగులన్నీ పెరట్లోంచీ వంటింట్లోంచీ వచ్చినవే. ఉల్లిపొర రంగు. మామిడిపిందె రంగు. వంకాయ రంగంటే మళ్ళీ నీటివంకాయ కాదు, గుత్తివంకాయ. గచ్చకాయ రంగు, ఇటుకరాయి రంగు, మెంతి రంగు, మిరపపండు, కనకాంబరం, నెమలికంఠం. లేత అరటాకు పచ్చ వేరు, చిలకపచ్చ వేరు, ఈ రెండూ కలిపి ‘గ్రీన్’ అన్నవాడికి ఆమె పిల్లనిచ్చేది కాదు. మా నాన్న చీర తెస్తే విప్పకుండానే మడత మీద చెయ్యేసి, “ఇది ఉల్లిపొర కాదు, ఉల్లిపొర ఉతికాక వచ్చేది” అనేది. ఉతికాక వచ్చే ఉల్లిపొర! ఏ నిఘంటువుకైనా ఎక్కిందా ఈ ఛాయ? నేను ఎం.ఏ.లో వర్ణనలన్నీ బట్టీపట్టాను గాని, ఒక్క ప్రబంధకవీ మెంతిరంగు దగ్గర ఆగి చూసినట్టు నాకు గుర్తులేదు. వాళ్ళకు అరుణం, పాటలం, కపిశం చాలు. అవి ఉన్నచోట పొయ్యి ఉండదు.

ఎక్కడున్నాం? బ్లాకు దగ్గర.

రంగుది లేనే లేదనడం అన్యాయం. తీసి చూపించాడు. ముదురు ఎరుపు, నిండా అతికించిన రాళ్ళు, మెడ చుట్టూ గీరుకునే జరీ. “పార్టీవేర్ మేడమ్.” పెళ్ళిలో బిరియానీ తిన్నంతసేపు భరించవచ్చు. నెమలికంఠం రంగన్న ఇంకొకటి ట్యూబులైటు కింద నలుపే. రంగుంటే హాయి లేదు, హాయి ఉంటే కొలత లేదు, కొలత దొరికితే మళ్ళీ బ్లాకే నడుస్తుంది. బ్లాకు నడుస్తుంది సరే, నాలుగంగుళాలు కాళ్ళకింద పడి నేను నడవలేను.

పైన వేసుకునేదేగా: ఇదియే గ్రంథమునకు ముడి. పదవిభాగము: పైన, వేసుకునేది, ఏ, కదా. ‘కదా’ ‘గా’ అయినది వ్యవహారవశమున. ప్రాణమంతా ఏకారంలో ఉంది. అది అవధారణార్థకము. కేవలము పైన వేసుకునేది, ఇంకేమీ కాదు, కాబట్టి ఎట్లున్న నేమి అని తాత్పర్యము. సంచి, పరుపు గలీబు, స్కూటరు కవరు: వీటి సరసన చేర్చుట యని ధ్వని.

నాకు కోపం వచ్చింది ఇక్కడే. ఉదయం ఎనిమిదిన్నరకు వేసుకున్నది సాయంత్రం ఐదున్నరకు విప్పుతాను. లోపల కట్టుకున్న చీరను ఆ తొమ్మిది గంటలూ నేను తప్ప చూసేవారు లేరు, దానికి మాత్రం మ్యాచింగు జాకెట్టు, ఫాలు, పీకో. లోకం చూసేది, చెమట పట్టేది, చక్రంలో ఇరుక్కునేది, జేబు లేక తాళంచెవి నోట కరిపించేది ఈ పైదే. దీనికి కొలత అక్కరలేదట. ఇంట్లోనూ ఇదే సూత్రం. మా ఆయన, మంచివాడే, “పైదానికి అంత ఆలోచనేంటి?” అన్నాడు. తన చొక్కా ఎక్కడ వేసుకుంటాడో నేనడగలేదు.

మా వీధిలో కువైట్‌లో పదేళ్ళు ఇంటిపని చేసి వచ్చిన అక్క ఉంది. మాల చర్చికి పెద్ద. నా బాధ విని నవ్వింది. “ఆయ్, అక్కడ మేవూ ఏసుకునేవోళ్ళవేనండి. మా మేడమ్‌కి బీరువా నిండా రంగులేనండి. నాకు మాత్తరం నల్లదే ఇచ్చేదండి, నా కొలత ఎవురడిగారండి?” దీనికి వ్యాఖ్య అవసరం లేదు.

చివరికి పుల్లేటికుర్రు మగ్గం మీది నూలుగుడ్డ తీసుకున్నాను. మామిడిపిందె రంగు. అంబాజీపేట సెంటరుకు దగ్గర్లో ఒక టైలరు మేష్టారికిచ్చాను. ఆయన గుడ్డ చాచి చూసి పన్నా చాలదన్నాడు. 46 అంగుళాలే ఉంది, చెయ్యీ ఒళ్ళూ ఒకే ముక్కలో రావు, అతుకు పడుతుంది. పడనిమ్మన్నాను. భుజం, చంక, చెయ్యి, మణికట్టు, పొడవు, అన్నీ కొలిచి నోటుపుస్తకంలో రాసుకున్నాడు. 52 అని రాసి కింద గీత గీశాడు. జేబులు రెండు. స్కూటీ సంగతి చెబితే అడుగు ఘేరు తగ్గించి, పక్కన చీలిక పెట్టి, లోపల బొత్తాం పెడతానన్నాడు.

వారం తరవాత వెళితే తిరగేసి లోపలి కుట్టంతా చూపించాడు. అతుకు ఎక్కడో వెతుక్కోవలసి వచ్చింది. ఇంత శ్రద్ధెందుకు మేష్టారూ అన్నాను.

“పైన వేసుకునేది కదండీ, ఆయ్.”

అంబాజీపేట ప్రతిలో ఏకారము లేదు.