గౌతమి పోయింది, నిర్మల వచ్చింది

“ఒరే, గౌతమి యాడరా? కనపడ్లేదు.”

“గౌతమి పోయింది మామా. వాణి కూడా ల్యా. ఇప్పుడుండేది నిర్మల ఒగతే.”

ఆదోనిలో ఉన్న మా మేనల్లుడితో ఫోన్లో ఈ మాటలు నడుస్తున్నప్పుడు స్పీకరు ఆన్‌లో ఉందని నాకు తెలియదు. వంటింట్లో జొన్నరొట్టె తట్టే చప్పుడు ఆగిపోయింది. ముప్పై ఆరేళ్ల కాపురంలో ఆ చప్పుడు అలా మధ్యలో ఆగడం రెండోసారి. మొదటిసారి మా నాయన పోయినట్టు టెలిగ్రాం వచ్చినప్పుడు.

పిండి చేతులతోనే వచ్చి గడపలో నిలబడింది మా ఇంటామె. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. నేనే మొదలుపెట్టాను. ఇవి మనుషుల పేర్లు కావు, కంప్యూటర్లో తెలుగు అక్షరాలు చూపించే ఫాంట్లు. 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చినప్పుడు గౌతమి వచ్చింది. 2009లో 7తో వాణి వచ్చింది. 2012లో 8తో నిర్మల. 10లో నిర్మలే ముందు గదిలో కూర్చుని వచ్చినవాళ్లను పలకరిస్తుంది, పెద్దవాళ్లిద్దర్నీ లోపలి గదిలో పెట్టేశారు, సెట్టింగుల్లోకి పోయి పిలుచుకుంటే తప్ప బయటికి రారు.

ఆమె అంతా విని, “ఆ నిర్మల ఏ ఊరామె?” అంది.

“ఏ ఊరామె కాదే. తెలుగు, కన్నడం, తమిళం, హిందీ, అన్నీ ఆమే చూసుకుంటుంది.”

“అయితే బళ్లారి ఆమె,” అని తీర్మానించి రొట్టెల దగ్గరికి పోయింది.

ఇంతకూ ఈ బాగోతమంతా ఎందుకొచ్చిందంటే, అరవై దాటిన వయసులో, ఆస్పరిలో కూర్చుని, ఇంట్లో కంప్యూటర్‌కు కొత్త ఆపరేటింగ్ సిస్టం ఎక్కించుకుందామని నాకు బుద్ధి పుట్టడం వల్ల.

ఇన్నాళ్లూ ఎందుకు ఎక్కించుకోలేదో మా ఊరి రైల్వే స్టేషన్లో నిలబడితే తేలిగ్గా అర్థమవుతుంది. 1871లో బొంబాయి వైపు నుంచి వచ్చిన లైను, మద్రాసు వైపు నుంచి వచ్చిన లైను రాయచూరు దగ్గర కలిశాయి. అప్పటి నుంచి మా ఊరి ముందర బండ్లు పోతూనే ఉన్నాయి. పోతూ ఉన్నాయి అన్నాను, ఆగుతూ ఉన్నాయి అనలేదు. పెద్ద ఎక్స్‌ప్రెస్సులు చాలావరకు ఈలవేసి, మన పంచెలు ఎగరగొట్టి వెళ్లిపోతాయి. మన కోసం ఆగేది ప్యాసింజరు. విండోసులు కూడా నాకు ఇట్లాగే. 2012లో ఆదోనిలో ఈ కంప్యూటర్ కొన్నప్పుడు అందులో ఉన్నది 7. ఆ తర్వాత 8 ఈలవేసుకుంటూ పోయింది. 9 అనే బండిని మైక్రోసాఫ్ట్ వాళ్లు అసలు పట్టాల మీదికే తేలేదు, ఎనిమిది తర్వాత నేరుగా పదే. ఆ 10 వచ్చింది 2015 జూలై 29న. మొదటి ఏడాది 7 ఉన్నవాళ్లకు ఊరికే ఇస్తామన్నారు. ఊరికే ఇస్తామంటే మా పక్క మనిషికి అనుమానం ముందు పుడుతుంది, ఆశ తర్వాత పుడుతుంది. నేను అనుమానం దగ్గరే ఆగిపోయాను. 2020 జనవరి 14తో 7కు మందూ మాకూ ఆపేశారు. ఆ వెంటనే కరోనా వచ్చింది, ప్రపంచమే పడకేసింది, నా కంప్యూటర్ సంగతి ఎవరు పట్టించుకుంటారు.

మొన్న 2025 దసరాకు బెంగళూరు నుంచి వచ్చిన మా వాడు తెర చూసి ఉలిక్కిపడ్డాడు. “నాయనా, ఇంకా 7లోనే ఉండావా! 10 కూడా ఈ నెల 14తో అయిపోతాంది.”

నాకు వెంటనే నిర్ణయం కుదిరిపోయింది: “అయితే 10 ఎక్కించు.”

“అయిపోయేదాన్ని ఎందుకు నాయనా?”

వాడికి వ్యవసాయం తెలియదు. పత్తికొండ టమాటా మార్కెట్టును చూసినవాడికి నా లెక్క అర్థమవుతుంది. ధర ఎక్కినప్పుడు ఎగబడి కొన్నవాడికి ఏ కాయలో పురుగుందో తెలియదు. ధర పడి, దారి పక్కన కుప్పలు పోసినప్పుడు తీరిగ్గా ఏరుకోవచ్చు. పదేళ్ల పాటు లోకమంతా దీన్ని వాడి, తిట్టి, పురుగులన్నీ ఏరేసింది. ఇప్పుడు నా దగ్గరికి వచ్చేది కడిగి తుడిచిన కాయ. ఈ వాదంలో ఉన్న ఒకే లోపం, ఊరికే ఇచ్చినప్పుడు వద్దన్నదాన్ని పదేళ్ల తర్వాత డబ్బులిచ్చి కొనడం. ఆ భాగం ఇంట్లో చెప్పలేదు.

మరి 11? దానికి మా కంప్యూటర్ అర్హత పొందలేదు. టీపీఎం 2.0 అనే చిప్పు కావాలట. తాళంచెవులు దాచుకునే చిన్న ఇనప్పెట్టె లాంటిదన్నమాట. ప్రాసెసర్ ఏ తరానిదో చూస్తారు, ర్యామ్ నాలుగు జీబీ ఉందా చూస్తారు, డిస్కు అరవై నాలుగు జీబీకి తగ్గకుండా ఉందా చూస్తారు. పింఛను దరఖాస్తుకు మా ఊరి అవ్వలు ఎన్ని గడపలు ఎక్కి దిగుతారో అన్నీ ఎక్కి దిగి, మా కంప్యూటర్ చిప్పు దగ్గర దొరికిపోయింది. కాకపోతే అవ్వలు తిరిగొచ్చి రచ్చకట్ట మీద కూర్చుని నాలుగు తిట్లు తిడతారు. దీనికి ఆ సుఖం కూడా లేదు.

ఇక్కడ కొడుకుకూ మేనల్లుడికీ కొట్లాట పడింది. మావాడు లినక్స్ అంటాడు. ఊరికే వస్తుంది, పాత మిషన్ మీద కూడా పరుగెత్తుతుంది, హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ వాళ్లు మెనూలతో సహా తెలుగులోనే చేశారు, ఇంకేం కావాలి నాయనా అని. మేనల్లుడు విండోసే అంటాడు. మామకు స్టార్టు బొత్తం రెండంగుళాలు జరిగితే నిద్ర పట్టదు, కొత్త దావలు పెట్టొద్దు అని. ఇద్దరూ ఫోన్లో ఒకరినొకరు కొట్టుకున్న తీరు చూస్తే మా మండలంలోని కైరుప్పల గుర్తొచ్చింది. తెలియనివాళ్లకు చెప్పాలి: ఉగాది మర్నాడు ఆ ఊరి జనం రెండు జట్లుగా చీలిపోయి, ఒకరు వీరభద్రస్వామి వైపు, ఒకరు కాళికాదేవి వైపు నిలబడి, పిడకలతో కొట్టుకుంటారు. దెబ్బ తగిలినవాడు గుడికి పోయి విభూతి పూసుకుంటాడు. కొట్లాట అయ్యాక దేవుడికీ దేవికీ పెళ్లి చేస్తారు. మా ఇంట్లో పిడకలు అయితే పడ్డాయి గానీ పెళ్లి ఎప్పుడో అప్పటికి తెలియదు. మేనల్లుడు దగ్గరున్నాడు, కొడుకు బెంగళూరులో ఉన్నాడు. దగ్గరున్నవాడే గెలిచాడు.

అక్టోబర్ 12, ఆదివారం పొద్దున్నే వాడు ఎనిమిది జీబీ పెన్‌డ్రైవ్, కొత్త ఎస్‌ఎస్‌డీ డిస్కు, ఒక స్క్రూడ్రైవర్ పట్టుకుని దిగాడు. వాళ్లత్త ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టింది. తిని, చెయ్యి కడుక్కుని, సీపీయూ మూత ఊడదీశాడు. ఊడదీసి చాలాసేపు మాట్లాడలేదు.

“మామా, ఇది కంప్యూటరా, జిన్నింగు మిల్లా?”

తప్పు మాదే. పత్తి మొదటి తీత ఇంటికి వచ్చాక ఆదోని మార్కెట్‌లో ధర ఎక్కుతుందేమోనని ముందు గదిలో కుప్ప పోసి ఆపుకోవడం మాకు అలవాటు. ధర ఎక్కేలోపల కుప్ప పక్కనున్న సీపీయూలోని ఫ్యాను తన వంతు పత్తి తాను తీసుకుంటూ వచ్చింది. పదమూడేళ్ల పంట. ఫ్యాను రెక్కల మధ్య, ప్రాసెసర్ మీది అల్యూమినియం పలకల మధ్య, గింజ లేకుండా శుభ్రంగా దూది. వాడు వేలితో లాగుతుంటే మూరెడు మూరెడు వస్తోంది. అంతకుముందు అది ఎందుకు గొంతు పట్టినట్టు మోగేదో, మధ్యాహ్నం ఎండలో ఎందుకు దానంతటదే ఆగిపోయేదో అప్పుడు తెలిసింది. వాళ్లత్త వచ్చి ఆ దూదిని రెండు వేళ్లతో నలిపి చూసి, పొట్టు పింజ గాదు, మంచిదే అని కొంగులో వేసుకుని పోయింది.

కంప్యూటర్ ఆన్ చేస్తూనే డిలీట్ మీట కొట్టాలన్నాడు.

“డిలీటా? అన్నీ పోవూ?”

“పోవు మామా, అది లోపలికి పోయే దావ.”

లోపలికి పోయే దావకు డిలీట్ అని పేరు పెట్టినవాడు ఎవడో గానీ, కాశీకి పోయే దారి శ్మశానం మీదుగా వేసిన బాపతు. నేను దేవుడి పటం వైపు చూస్తూ నొక్కాను. నీలం తెర వచ్చింది, శాతాలు మొదలయ్యాయి. అరవై నాలుగు శాతం దగ్గర కరెంటు పోయింది. యూపీఎస్ ఒక్కసారి కీచుమని అరిచి ప్రాణం వదిలింది. దాని బ్యాటరీ మార్చాలని 2018 నుంచి అనుకుంటున్నాను. కరెంటు వచ్చాక మళ్లీ ఒకటి నుంచి. ఈసారి సాయంత్రానికి పూర్తయింది. వాడు మా ఫైళ్లన్నీ పాత డిస్కు నుంచి కొత్త డిస్కులోకి తోలుకొచ్చాడు.

తోలుకొచ్చాడు అనే అంటాను. కంప్యూటర్ వాళ్లు దీన్ని మైగ్రేషన్ అంటారు. మా పక్క దానికి ఇంతకన్నా పాత మాట ఉంది, సుగ్గి. వానలు ముఖం చాటేస్తే ఆస్పరి, ఆదోని, కోసిగి పక్క పల్లెల నుంచి పిల్లాజెల్లాతో, బోకులూ మూటలూ లారీకెత్తి, గుంటూరు వైపు మిరప కోతకు, పత్తి తీతకు పోతారు. దాన్నే సుగ్గికి పోవడం అంటారు. లారీ ఎక్కగలిగినవాళ్లు పోతారు. ముసలివాళ్లు ఇంటికి కాపలా మిగులుతారు. నేను బడిలో పాఠం చెప్పిన రోజుల్లో సంక్రాంతి దాటాక సగం బెంచీలు ఖాళీ. హాజరు పట్టీలో పేరు ఉండేది, పిల్లవాడు ఉండేవాడు కాదు.

నా ఫైళ్లకూ అదే జరిగింది. పేర్లన్నీ ఉన్నాయి. ఊరివాళ్ల కోసం నేను టైపు చేసిపెట్టిన బోరు అర్జీ, పింఛను అర్జీ, పాసుపుస్తకం అర్జీ, మారెమ్మ దేవర కరపత్రం, పదమూడేళ్ల పెండ్లి పత్రికలు. రాత్రి భోంచేసి తీరిగ్గా బోరు అర్జీ తెరిచాను. అందులో తెలుగు లేదు. ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలు, చిన్నబడి అక్షరాలు, డాలరు గుర్తులు, బ్రాకెట్లు, నెత్తిన చుక్కలున్న పరదేశీ ఓకారాలు. తాసిల్దారు గారికి అని ఉండాల్సిన చోట పిడకల సమరం అయ్యాక కైరుప్పల వీధి ఉంది.

మర్నాడు పొద్దున ఆ ఫోన్ అందుకే చేశాను. గౌతమి కనపడకపోవడం వల్లే ఇదంతా అనుకున్నాను. గౌతమి తప్పేమీ లేదని వాడు విడమరిచి చెప్పాడు. గౌతమి, వాణి, నిర్మల ఒకే కులం, యూనికోడ్ కులం. 1991 నుంచే యూనికోడ్‌లో తెలుగుకు సొంత ఇంటి నంబర్లున్నాయి. ఒకామె లేకపోతే ఇంకొకామె వచ్చి అదే అక్షరం చూపిస్తుంది. నేను టైపు చేసినవి అవి కావు. అంతకుముందు తరానివి, అచ్చాఫీసుల్లో నేర్చుకున్న పాత రకం ఫాంట్లు. వాటిలో కంప్యూటర్‌కు తెలిసింది ఇంగ్లీషు అక్షరాలే. ఫాంటు వాటికి తెలుగు వేషం కట్టేది. ఫాంటు లేకపోతే వేషం లేదు. వీధినాటకంలో కృష్ణుడు తెల్లవారుజామున కిరీటం తీసి పక్కన పెట్టి బీడీ ముట్టించుకున్నట్టు, నా అర్జీలు అసలు ముఖంతో కూర్చున్నాయి.

“ఆ ఫాంట్ల సీడీ ఉండాది కదా మామా, అది ఎక్కిస్తే సరిపాయ.”

సీడీ ఉంది. ఎక్కడుందో కూడా నాకు తెలుసు. మూడేళ్ల కింద కొర్ర చేలో పిచ్చుకలు పడుతున్నాయంటే, తళతళలాడేవి ఏవైనా ఇవ్వమని మా సేద్యగాడు అడిగాడు. బీరువాలో ఉన్న సీడీలన్నీ దారానికి గుచ్చి నేనే ఇచ్చాను. పిట్టలు బెదిరాయి కూడా. సాయంత్రం చేనికి పోయి చూస్తే కొయ్యకు ఇంకా వేలాడుతోంది. ఎండకు వానకు మెరుపంతా రాలి, అటుపక్క చేను ఇటుపక్కకు కనపడుతోంది.

ఆ సోమవారం అర్జీల కోసం ముగ్గురు వచ్చారు. కలంతో రాసిచ్చాను. మూడోది రాసేసరికి వేళ్లు కొంకర్లు పోయాయి. ఆ పెద్దాయన కాగితం తిప్పి తిప్పి చూసి, “సా, దీని మీద మిషన్ అచ్చరాలు లేవే, వాళ్లు తీసుకుంటారా?” అన్నాడు. నలభై ఏళ్లు నల్లబల్ల మీద గుండ్రంగా రాసిన చేతిని అంత మాట ఎవరూ అనలేదు.

మరుసటి ఆదివారం మేనల్లుడు మళ్లీ దిగి, పాత డిస్కును కూడా లోపల తగిలించాడు. 7 అందులో, 10 ఇందులో. ఒకే పెట్టెలో రెండు కాపురాలు. పాతదానికి ఇంటర్నెట్ లేకుండా తెంపేశాడు, ఏ రోగమొచ్చినా మందిచ్చేవాడు లేడు కాబట్టి. కొత్తదానికి 2026 అక్టోబర్ 13 వరకు గడువు పెంచే ఏర్పాటేదో ఉందట, అదీ చేసిపెట్టాడు. పంట రుణం రీషెడ్యూలు అనుకున్నాను నేను. బెంగళూరు వాడికి చెబితే, “కైరుప్పల పెండ్లి అయిపాయ,” అని నవ్వాడు. పోతూ పోతూ సెట్టింగుల్లోకి పోయి లోపలి గది నుంచి గౌతమినీ వాణినీ కూడా పిలిచి పెట్టాడు. “గౌతమి వచ్చింద్యా?” అని వాళ్లత్త వంటింట్లోంచే అడిగింది. దీపావళి దాటి కార్తీకం పెట్టగానే తులసి కోట దగ్గర సీపీయూ దూదితో చేసిన వత్తులు వెలిగించింది. నిబ్బరంగా వెలిగాయి, మిగతా వత్తుల కన్నా కాసేపు ఎక్కువే.

ఒక్క చిక్కు మిగిలింది. ఆన్ చేయగానే తెర మీద రెండు పేర్లూ వస్తాయి. ముప్పై సెకన్లలో ఏదో ఒకటి నొక్కకపోతే అదే కొత్తదాంట్లోకి పోతుంది. నేను కుర్చీ లాక్కుని, కళ్లద్దాలు తడుముకునేసరికి ముప్పై సెకన్లు దాటి నిర్మల ప్రత్యక్షమవుతోంది. అందుకని ఇప్పుడు అర్జీకి వచ్చినవాణ్నే ముందు మీటల దగ్గర కూర్చోబెడుతున్నాను. మొన్న ఒకాయన చూపుడు వేలు గాల్లో పెట్టుకుని, బావి గట్టు మీద గాలం వేసినవాడిలా ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. నేను పెరట్లో ముఖం కడుక్కుంటుంటే కేక వినిపించింది:

“సా! పాతది పడిందప్పా, బిరీన రాండి!”