అన్నమునకు మార్కులు

ఏప్రిల్ చివరి వారమున బడిగంట కడపటిసారి మ్రోగగానే సర్కారు బడిపిల్లల లెక్కలకును, తెలుగు వాచకమునకును సెలవు దొరకినట్లే వారి ఆకలికి గూడ జూన్ 12వ తేదీ వరకు సెలవు మంజూరైనదని మన పెద్దల నమ్మకము కాబోలును. ఈ మూడవ సెలవును మాత్రము పుచ్చుకొనుటకు పిల్లల కడుపులు ఒప్పుకొనకుండుటచే, కరవు ప్రాంతములలో వేసవియందును మధ్యాహ్నభోజనము పెట్టవలసినదని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 20న ఆజ్ఞాపించినది. వినబడలేదేమోనని 2016 మే 13న, అనగా సెలవులు కొంత కరగిపోయిన పిమ్మట, మరల ఆజ్ఞాపించినది. పండ్రెండేండ్ల కొకసారి పుష్కరము వచ్చినట్లు వేసవి అన్నము మాటయు వచ్చుచున్నందుకు సంతోషింపవలసినదే.

అయితే నేడు నేను తలపెట్టినది అన్నము పెట్టనివారి ప్రశంస కాదు. ఎక్కడనో ఎవరో పెట్టిన నాలుగు ముద్దలకు మూల్యాంకనమను పేర మార్కులు వేయ వచ్చెడి మహనీయుల ప్రశంస. పూర్వము అన్నము పెట్టినవారు "కడుపు నిండిందా నాయనా?" అని ఒక్క ప్రశ్న యడిగి ఊరకుండెడివారు; ఇప్పటివారు లబ్ధిదారుని ఆత్మవిశ్వాసము, నాయకత్వ లక్షణములు, భావోద్వేగ సమతుల్యము మున్నగువానిని గూర్చి పదునాలుగు పుటల ప్రశ్నావళి చేతబట్టి, చారునీళ్ళలో వానిజాడ వెదకుచున్నారు.

ఒకానొక పల్లెబడిలో ఇట్టి మూల్యాంకనము నొకదానిని నేను కన్నులార చూచితిని. మిట్టమధ్యాహ్నము జీపు దిగిన ఆ యువకుడు వేపచెట్టు నీడను కుర్చీ వేయించుకొని, కొబ్బరిబోండము త్రాగి, తొమ్మిదేండ్ల పిల్లవాని నొకనిని పిలిచి, "నీ ఆకలి ఒకటి నుంచి ఐదు దాకా ఏ అంకెలో ఉంది?" అని యడిగెను. వాడు కొంతసేపు ఆలోచించి, "నిన్నటిదా సార్, ఇయ్యాల్టిదా?" అనెను. "ప్రశ్న అర్థము కాలేదు" అని ఆయన వ్రాసికొనెను. ఎవరికి అర్థము కాలేదో వ్రాయలేదు.

పంక్తి చివర కూర్చున్న బాలిక ఉడికిన గ్రుడ్డును ముట్టక గౌను జేబులో వేసికొన్నది. దాని తమ్ముడు, బడి హాజరుపట్టీలో పేరులేని నాలుగేండ్లవాడు, గేటు కడ్డీలు పట్టుకొని లోపలికి చూచుచుండెను. మూల్యాంకకుని కాగితమున ఆ గ్రుడ్డు ఇట్లు నమోదైనది: "రుచి పట్ల విముఖత, ప్రత్యామ్నాయము పరిశీలింపదగును."

ఇక తూనికల సంగతి. వేసవి భోజన శిబిరము మొదటినాడును, చివరినాడును పిల్లలను తూచి, పావుకిలోయైనను పెరుగలేదు గనుక పథకమునకు చెప్పుకోదగిన ఫలము లేదని తేల్చుట వీరి శాస్త్రము. నలుబది దినములు ఒక పూట గంజితో గడుపవలసిన బిడ్డ తగ్గవలసినంత తగ్గకుండ నిలుచుటయే గదా ఫలము! కాని జరుగకుండ పోయిన నష్టమును వ్రాసికొనుటకు వారి పట్టికలో గడి లేదు. ఫలమున్నదన్న, ఏమియు పెట్టని పొరుగూరితో పోల్చవలెనందురు; పోలిక కుదురుటకై ఆ యూరి పిల్లలు పస్తున్న పుణ్యము ఎవరి పద్దున వేయుదురో చెప్పరు. హాజరు తగ్గినదా, "గిరాకీ లేదు" అని ఒక వాక్యము. తల్లిదండ్రుల వెంట పట్నములకు వలసపోయి ఇసుకగుట్టలపై ఆడుకొనుచున్న పిల్లలకు గిరాకీ ఎక్కడనుండి వచ్చును?

ఆటపాటల శిబిరములును ఇంతియే. నేనెరిగిన ఒక గ్రంథాలయమున ఉదయము కథలు చెప్పించి, బొమ్మలు గీయించి, సరిగా ఆకలి వేళకు పిల్లలను ఇంటికి పంపివేయుదురు. సృజనాత్మకత మాత్రము ఎంతో పెరిగినదట.

లెక్క లడుగరాదని నేననుట లేదు. బియ్యపు బస్తా తూకమెంత, నూనె ఎక్కడికి పోయినదని అడుగువాడు వచ్చిన నేనే కుర్చీ వేయుదును. 2025 మే 1 నుండి ప్రాథమిక పాఠశాల బాలునికి పూటకు పప్పు, కూర, నూనె, పోపు, వంటచెరకు అన్నియు కలిపి కేటాయించినది రూ. 6.78, ఆనాటి కొబ్బరిబోండము వెలతో అయిదారుగురికి కూర వండవచ్చును. వంటమనిషికి కేంద్రము నిర్ణయించిన గౌరవవేతనము 2009 నుండి నెలకు వేయి రూపాయలే, అదియును ఏడాదికి పది నెలలకే. కొన్ని రాష్ట్రములు పైన కొంత కలుపుచున్నవి. సెలవులలోను పొయ్యి వెలిగించుమనునప్పుడు తక్కిన రెండు నెలల మాట యేమని పదునాలుగు పుటలలో ఒక్క ప్రశ్నయు లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో బడిభోజనమునకు 2024లో డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. లంకల గన్నవరమున వేళగాని వేళ వచ్చిన బాటసారులకును వండి వడ్డించిన ఆ యిల్లాలు వీరి చేతిలో పడియున్న తప్పక తప్పియుండెడిది: ఆధారరేఖ సర్వే లేదు, లక్ష్యవర్గ నిర్ధారణ లేదు, తిన్నవారి నాయకత్వ లక్షణములు కొలిచిన దాఖలాలు అసలే లేవు.

రాబోవు వేసవిలో మూల్యాంకనమునకు విచ్చేయు అయ్యలారా, మీరు మాత్రము భోజనవేళకే రండు. ప్రశ్నావళిని జీపులో ఉంచి పిల్లలతో పంక్తిలో కూర్చుండుడు. కూర్చుండుటకు ముందు ఆ గేటు గడియ తీసి, బయట నున్నవానికి గూడ ఒక పళ్ళెము పెట్టుమని చెప్పుడు.