ఎర్ర రంగు బోరింగు

షోలాపూర్ పంపు నమూనాను మెరుగుపరిచి, యునిసెఫ్ తోడ్పాటుతో 1970లలో తయారుచేసిన ఇండియా మార్క్-2 చేతిపంపుల వంశం నాది. ఊళ్లో ఆ పేరు ఎవరికీ పట్టదు, నేను బోరింగును. తలలో గొలుసు, గొట్టాల్లో ఇనుప కడ్డీలు, అడుగున ఇత్తడి పొర ఉన్న సిలిండరు, దాంట్లో తోలు వాషర్లు. పిడిని నిమిషానికి 40 సార్లు ఆడిస్తే 12 లీటర్ల దాకా పోస్తాను. నల్లగొండ జిల్లాలో, మర్రిగూడ వైపు ఒక ఊళ్లో వేపచెట్టు పక్కన నన్ను పాతారు.

మంచి కోరే పాతారు, ఆ మాట ఒప్పుకోవాలి. అంతకుముందు జనం దిగుడుబావిలో మోకాళ్ల దాకా దిగి నీళ్లు ముంచుకునేవాళ్లు. నారికురుపు పాకింది అలాంటి బావుల నుంచే. నేను వచ్చాక నీళ్లలో కాళ్లు పెట్టే పని తప్పింది. ఊరు నాకు పసుపు కుంకుమలు పెట్టింది.

నీళ్లను పరీక్షించడం ఆడవాళ్లకు తెలియదని ఎవరైనా అంటే నేను నమ్మను. మొదటి రోజే దోసిట పట్టి వెలుతురులో చూశారు, వాసన చూశారు, పుక్కిలించి రుచి చూశారు. చివరికి కందిపప్పు ఎసట్లో పోశారు. పప్పు వెన్నలా ఉడికింది. అన్ని పరీక్షల్లోనూ నెగ్గాను. నన్ను నెగ్గించిన ఆ గుణమే వాళ్లను ముంచింది. నా నీళ్లలో సున్నం తక్కువ, సోడా గుణం ఎక్కువ. అందుకే పప్పు అంత తొందరగా మెత్తబడేది. సున్నం దండిగా ఉంటే ఫ్లోరైడ్ దాంతో కలిసి చాలావరకు అడుగునే దిగబడిపోయేది. అది లేకపోవడంతో కింద గ్రానైటు రాతి నుంచి కరిగిన ఫ్లోరైడ్ అంతా నీళ్లలోనే నిలిచి, నా మూతి గుండా బిందెల్లోకి వచ్చింది. దానికి రంగు లేదు, వాసన లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదని ప్రమాణం. ఆ లెక్క కంటికీ నాలుకకూ ఎలా అందుతుంది?

నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఇదంతా కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో, ఇప్పటి ప్రకాశం జిల్లా పల్లెల్లో ఫ్లోరైడ్ తెచ్చే జబ్బు ఉందని షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1937లోనే అచ్చు వేశారు. అక్కడి రైతులు అంతకన్నా ముందే, కీళ్లు బిగుసుకుపోయి నడవలేని దుక్కిటెద్దులను చూసి ఏదో తేడా ఉందని పసిగట్టారు. నల్లగొండ సంగతీ 1940లలోనే బయటపడింది. నన్ను పాతింది ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు. పాతినవాళ్లు లోతు కొలిచారు, పైపులు లెక్కపెట్టారు, ఫోటో దిగారు. ఒక సీసాడు నీళ్లు పట్టి పరీక్షకు పంపాలని మాత్రం ఎవరికీ తట్టలేదు.

ముందు పిల్లల పండ్ల మీద పసుపు, గోధుమ చారలు పడ్డాయి. సరిగ్గా తోముకోరని తల్లులు తిట్టారు. పన్ను చిగురు లోపల తయారయ్యే వయసులోనే మరక పడుతుందని, ఎంత తోమినా పోదని వాళ్లకెలా తెలుస్తుంది? తర్వాత నా పిడి పట్టే చేతులు మారాయి. మెడ తిప్పి పలకరించే మనిషి ఒళ్లంతా తిప్పాల్సి వచ్చింది. కొందరి మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకునేవి. ఇళ్లలో జరిగిందే ఇంకా బాధ. పసిపిల్లలకని నీళ్లు మరగకాచి పోసేవాళ్లు. ఆవిరయ్యేది నీళ్లే. ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉండి మరింత చిక్కబడుతుంది. ఇంకొందరు పటిక తిప్పేవాళ్లు. పటికతో పాటు సున్నం తగుపాళ్లలో కలిపి, తేర్చి, వడకట్టే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించింది. దానికి నల్లగొండ పేరే పెట్టారు. ఆ పేరు ఇథియోపియా, టాంజానియాల దాకా వెళ్లింది కానీ నా చుట్టూ ఉన్న వాకిళ్లకు సరిగా చేరలేదు. రోజూ పాళ్లు చూసి కలిపే ఓపిక కూలికి పోయే ఇంట్లో ఎక్కడుంటుంది?

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీకి నిలబడ్డారు. నీళ్ల కోసం, ఫ్లోరైడ్ గోడు ఢిల్లీకి వినబడాలని వేసిన నామినేషన్లు అవి. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా పడింది. అదే ఏడాది డిపాజిట్ సొమ్ము పెంచేశారు. ఆ పెంపు అమల్లోకి వచ్చినంత వేగంగా మా ఊరికి కృష్ణా నీళ్లు రాలేదు.

ఎప్పటికో ఒకాయన చిన్న పెట్టెతో వచ్చాడు. సీసాలో నా నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే గులాబీ రంగు పసుపుకు తిరిగింది. మర్నాడు, తాగొద్దనే గుర్తుగా నాకు ఎర్ర రంగు పూశారు. ఆ తర్వాత ఆర్వో ప్లాంటు, 20 లీటర్ల క్యాన్లు వచ్చాయి. ఆ ప్లాంటు వదిలిపెట్టే నీళ్లు నా పక్క గుంటలోకే వస్తాయి. వడగట్టి తీసిన ఫ్లోరైడ్ మళ్లీ భూమిలోకే ఇంకుతోంది, అడిగేవాళ్లు లేరు. మిషన్ భగీరథ 2016లో మొదలయ్యాక ఇంటింటికీ నల్లా వచ్చింది. నా దగ్గర గుంపు పలచబడింది. నాకేం చిన్నతనంగా లేదు.

కానీ పైపు పగిలినప్పుడల్లా బిందెలు నా దగ్గరికే వస్తాయి. నా రంగు సగం పెచ్చులూడింది, కొత్త కోడళ్లకు అది తుప్పులాగే కనిపిస్తుంది. నల్లా వస్తున్నా, వంటకు మాత్రం నా నీళ్లే కావాలనే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మొన్న ఎదురింటి అత్తాకోడళ్లకు నా గట్టు మీదే వాదులాట అయింది.

“అత్తమ్మా, గీ నీళ్లు కూరల పొయ్యొద్దు. బట్టలు పిండుకుందాం.”

“నల్లా నీళ్లకు మందు వాసనొస్తది. పప్పు ఉడకనే ఉడకది.”

“మూత తీసి పెడితే వాసన పోతది. మీ కొడుకు పండ్లు జూస్తలేరా?”

ముసలామె బిందె ఎత్తబోయి ఆగింది. కోడలు ఆ బిందెను బట్టల బకెట్లో వంచేసింది. చింతపండు కాస్త ఎక్కువ పిసుకుతానంది, అది ఒంట్లోని ఫ్లోరైడ్‌ను మూత్రంలో బయటికి పంపుతుందని అంగన్వాడీలో విన్నదట. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు పిల్లలకు చింతపండు తినిపించి ఆ సంగతి గమనించారు కూడా. అయినా నీళ్లు మార్చకుండా చింతపండును నమ్ముకుంటే లాభం లేదని ఆ పిల్లకే బాగా తెలిసినట్టుంది. ఆ మధ్యాహ్నం వాళ్లింట్లో కుక్కరు మామూలుకన్నా రెండు విజిళ్లు ఎక్కువ కొట్టింది. అత్త గ్యాస్ ఖర్చు గురించి సణుగుతూనే ఉంది.