తమ్ముళ్ల లెక్క: ఒక హీలియం పరమాణువు ఆత్మకథ

ఈ కథ చెప్పుకుంటున్నది హైదరాబాదు ఆసుపత్రిలో ఎమ్మారై యంత్రం లోపలున్న ఒక హీలియం పరమాణువు. భూగర్భంలో యురేనియం క్షీణిస్తూ విసిరిన ఆల్ఫా కణంగా అది పుట్టింది. చుట్టూ ఉన్న రాతి నుంచి రెండు ఎలక్ట్రాన్లు అందుకుని హీలియం అయింది. కోట్ల ఏళ్లకు ఖతార్ సముద్రం అడుగున సహజవాయువుతో పాటు చిక్కుకుంది. పైన గట్టి రాతిపొర లేకుంటే ఎప్పుడో గాలిలో కలిసి, మెల్లగా అంతరిక్షంలోకి జారిపోయేది.

మనుషులు దాని జాతిని ముందు సూర్యుడిలోనే పసిగట్టారు. 1868 ఆగస్టు 18 సంపూర్ణ గ్రహణాన్ని ఫ్రెంచి ఖగోళవేత్త జాన్సెన్ మన గుంటూరు నుంచే పరిశీలించాడు. ఆ ఏడాదే ఖగోళవేత్త లాకియర్ సూర్యకాంతిలో ఒక పసుపు గీతను గమనించి, అది కొత్త మూలకానిదని తర్వాత తేల్చాడు. 1895లో రసాయనవేత్త రామ్సే దాన్ని భూమ్మీద పట్టుకున్నాడు.

ఇప్పుడు మన పరమాణువు ఉద్యోగం చలువ. మైనస్ 269 డిగ్రీల ద్రవంగా ఉండి, అయస్కాంతపు తీగచుట్టలో కరెంటు నిరోధం లేకుండా పారేలా చూస్తుంది. హైడ్రోజన్ కూడా ఆ చలికి గడ్డకట్టిపోతుంది, కాబట్టి హీలియానికి బదులు మరొకటి లేదు. 2017లో పొరుగు దేశాలు ఖతార్‌ను దిగ్బంధించి అక్కడి హీలియం ప్లాంట్లు ఆగినప్పుడు, ప్రపంచ సరఫరాలో పావు వంతుకు పైగా నిలిచిపోయింది.

పరమాణు కేంద్రకాలను కలిపి శక్తి తీసే ఫ్యూజన్ వస్తే కొరత తీరుతుందని కొందరి ఆశ. డ్యుటీరియం, ట్రిటియం కలిస్తే నిజంగానే హీలియం పుడుతుంది. అలా పుట్టే పరమాణువులు ఈ పరమాణువుకు తమ్ముళ్లే. కానీ ఎంతమంది? 1,000 మెగావాట్ల కేంద్రం ఏడాదంతా నడిచినా, ట్రిటియం తయారీ కోసం లిథియం నుంచి వచ్చేదీ కలుపుకుని, సుమారు 400 కిలోలు. పెద్ద ఎమ్మారై యంత్రాలు రెండింటికి సరి. ప్రపంచం ఏటా వాడేది పాతిక వేల టన్నులకు పైనే. లోకంలోని కరెంటంతా ఫ్యూజన్‌తోనే తీసినా అందులో పదో వంతు రాదు. పైగా ఫ్రాన్స్‌లో కడుతున్న ఐటర్ ఫ్యూజన్ రియాక్టరు అయస్కాంతాలను, తదితర భాగాలను చల్లబరచడానికే దాదాపు 25 టన్నుల హీలియం కావాలి. పైన చెప్పిన 1,000 మెగావాట్ల కేంద్రం అరవై ఏళ్లు పనిచేసినా అంత తయారుకాదు!

తమ్ముళ్ల కోసం ఎదురుచూడటం కన్నా ఉన్నవాళ్లను కాపాడుకోవడం ముఖ్యమని ఈ పరమాణువు గట్టిగా నమ్ముతుంది. ఏడు లీటర్లతోనే సరిపెట్టుకునే సీలు వేసిన ఎమ్మారై యంత్రాలు ఇప్పటికే వచ్చాయి. ఆవిరైన వాయువును పట్టి మళ్లీ ద్రవంగా మార్చే యంత్రాలూ పరిశోధనశాలల్లో ఉన్నాయి. పాత యంత్రాన్ని తీసేసే రోజు లోపలి వాయువును కప్పు మీది గొట్టంలోంచి ఆకాశానికి వదలకుండా సిలిండర్లకు ఎక్కిస్తే, ఈ పరమాణువు ఇంకో ఆసుపత్రిలో కొలువుకు చేరుతుంది.