ముప్పై వేల మైలేజీ

నిన్నటిదాకా నిక్షేపంగా తిరిగిన స్ప్లెండర్ యజమానికి కొత్త సిగ్గు పట్టుకుంది. తన బండిలో కార్బేటర్ ఉందట! పక్కింటి కుర్రాడి బండి మీద ‘ఎఫ్ఐ’ (ఫ్యూయల్ ఇంజెక్షన్) అని రాసి ఉంది, తన దాని మీద లేదు. స్టిక్కర్ ఒక్కటే అయితే పది రూపాయలతో పోయేది. కానీ పాపపరిహారం అంత చవగ్గా జరిగితే గురువులకు గిట్టుబాటు ఎక్కడిది? కార్బేటర్ పీకించి, ఇంజెక్టర్ బిగించి, సీటు కింద కంప్యూటర్‌ని ప్రతిష్ఠించుకుంటే గానీ బండికి సద్గతి లేదని ఉపదేశించేవాళ్లు బయల్దేరారు.

ఫలశ్రుతి నాలుగు ముక్కలు. మైలేజీ 20 శాతం పెరుగుతుంది. పికప్ చూసి మీరే జడుసుకుంటారు. కాలుష్యం మాయమవుతుంది. చలికాలం పొద్దున్నే చోక్ లాగే పని తప్పుతుంది. వీటిలో చివరిది నిజం. ఒక మీట లాగే శ్రమ తప్పించుకోవడానికి బండి సగం విప్పించుకునే భాగ్యం దక్కింది కాబట్టి, మిగతా మూడింటినీ తీరిగ్గా చూద్దాం.

మైలేజీని నిరూపించే పద్ధతి గురువులందరిదీ ఒకటే. దీక్షకు వచ్చే బండి పదేళ్లది. ఎయిర్ ఫిల్టర్ మట్టిగొట్టుకుపోయి ఉంటుంది. కార్బేటర్‌లో నీడిల్, అది కూర్చునే జెట్ అరిగిపోయి పెట్రోలు అవసరానికి మించి వదులుతుంటాయి. టాపెట్లు ఎప్పుడు సర్దారో బండికీ గుర్తులేదు, యజమానికీ గుర్తులేదు. టైర్లలో గాలి సగమే. ఆ స్థితిలో లీటరుకు 45 ఇస్తోందని రాసుకుంటారు. ఈ ఇంజెక్షన్ కిట్టు బిగించేటప్పుడు, ఎలాగూ విప్పాం కదా అని, కొత్త ఫిల్టర్, కొత్త ప్లగ్గు వేస్తారు. టాపెట్లు సర్దుతారు. గాలి కొట్టిస్తారు. బండి 54 ఇస్తుంది. ఆ తొమ్మిది కిలోమీటర్ల ఘనత ఎవరిది? ఫిల్టర్‌ది కాదు, టాపెట్లది కాదు, ఊరికే వచ్చిన గాలిది అసలే కాదు. డబ్బు ఎక్కువ తిన్నది ఇంజెక్టర్ కాబట్టి కీర్తి కూడా దానికే. పైగా అంత ఖర్చు పెట్టినవాడు మొదటి నెలంతా యాక్సిలరేటర్‌కి నొప్పి పుడుతుందేమో అన్నట్టు నడుపుతాడు. ఆ భయభక్తులకు పెరిగిన మైలేజీ కూడా కిట్టు ఖాతాలోకే పోతుంది.

సరే, ఒళ్లు బాగున్న కార్బేటర్ మీద కూడా 10 శాతం మిగులుతుందని ఉదారంగా ఒప్పుకుందాం. రోజుకు 40 కిలోమీటర్లు, ఏడాదికి 300 రోజులు తిరిగితే 12,000 కిలోమీటర్లు. లీటరుకు 55 ఇచ్చే బండి 218 లీటర్లు తాగుతుంది. 60.5 ఇస్తే 198. ఏడాదికి మిగిలేది 20 లీటర్లు. లీటరు 108 అనుకుంటే 2,160 రూపాయలు. కిట్టు, పంపు, సెన్సార్లు, వెల్డింగు, కూలీ, చేసినవాడి చుట్టూ తిరిగిన తిరుగుళ్లు కలిపి 30,000 అనుకుందాం. పెట్టుబడి తిరిగి రావడానికి దాదాపు 14 ఏళ్లు.

ఇక్కడ ఆర్టీఏ వారి చిన్న లెక్క ఒకటుంది. కొత్త బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు. బీఎస్6 కాలుష్య నిబంధన 2020 ఏప్రిల్ 1న వచ్చింది. ఆ తేదీ తర్వాత అమ్మిన చిన్న బళ్లు, ఒకటీ అరా మినహాయిస్తే, కంపెనీలోనే ఎఫ్ఐతో పుట్టాయి. అంటే మార్చదగ్గ కార్బేటర్ బండి ఎంత కొత్తదైనా 2020 ఏప్రిల్‌కి ముందుదే. దాని ఆర్సీ 2035లోపు ముగుస్తుంది. ఈ పొదుపు పథకంలో లాభం మొదలయ్యేసరికి బండి రెన్యువల్ క్యూలోనో, తుక్కు కొట్టులోనో ఉంటుంది. మనవలకు ఆస్తి రాసేవాళ్లను చూశాం. మనవల కోసం పెట్రోలు మిగిల్చేవాళ్లను ఇప్పుడే చూస్తున్నాం.

ఇక పికప్. ఇంజన్ బలం పెట్రోలు ఎలా పోశామన్న దాన్ని బట్టి కాదు, ఎంత గాలి పీల్చిందన్న దాన్ని బట్టి వస్తుంది. 97.2 సీసీ సిలిండరు, అవే వాల్వులు, అదే కామ్, అదే సైలెన్సర్. పైన ఇంజెక్టర్ కూర్చుందని గాలి భయపడి ఎక్కువ రాదు. అనుమానం ఉంటే బజాజ్ చరిత్ర చూడండి. 2007లో పల్సర్ 220ని ఫ్యూయల్ ఇంజెక్షన్‌తో తెచ్చారు. 2009లో ఆ ఇంజెక్షన్ తీసేసి కార్బేటర్ పెట్టారు. పవర్ తగ్గలేదు, ఒక పిసరు పెరిగింది. ధర తగ్గింది. జనం ఎగబడి కొన్నారు. అంతకు ముందే, 2006లో, హీరో హోండా 125 సీసీ గ్లామర్‌లో ఎఫ్ఐ ఇచ్చింది. టెక్నాలజీ చేతిలో ఉన్నా, అదే కంపెనీ స్ప్లెండర్‌ను మాత్రం చట్టం మెడ మీద కూర్చునేదాకా కార్బేటర్‌తోనే అమ్మింది. లక్షల బళ్లు తయారుచేసేవాళ్లకు గిట్టని బేరం, ఆటోనగర్ షెడ్డులో ఒక్క బండికి గిట్టుతుందని నమ్మడానికి గొప్ప భక్తి కావాలి.

మూడోది కాలుష్యం. కంపెనీలు ఎఫ్ఐకి మారింది ప్రధానంగా దీని కోసమే, కానీ ఒంటరి ఇంజెక్టర్‌ని నమ్ముకుని కాదు. సైలెన్సర్‌లో త్రీ వే కెటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. గాలి, పెట్రోలు పాళ్లు 14.7కి ఒకటి దగ్గర నిలిస్తేనే అది మూడు రకాల విషాలనూ సరిగా విరుస్తుంది. ఆ పాళ్లను క్షణక్షణం పట్టి ఉంచడానికి ఆక్సిజన్ సెన్సార్, దాని మాట విని సరిదిద్దే ఈసీయూ అనే కంప్యూటర్ కావాలి. మన కిట్టు భక్తుడు చేసేదేమిటి? కన్వర్టర్ పెట్టడు. సైలెన్సర్ పైపుకి బెజ్జం చేయడం ఎందుకని ఆక్సిజన్ సెన్సార్‌ని కూడా వదిలేస్తాడు. మిగిలింది కళ్లకు గంతలు కట్టిన ఇంజెక్టర్. అదేమో పికప్ కోసమని పెట్రోలు కాస్త ఎక్కువే వదులుతుంది. 2000 తర్వాతి పాత ఫోర్ స్ట్రోక్ బళ్లకు పొల్యూషన్ చెక్‌లో కార్బన్ మోనాక్సైడ్ పరిమితి 3.5 శాతం. శుభ్రంగా ఉన్న కార్బేటర్ ఎయిర్ స్క్రూని కొద్దిగా తిప్పితే ఆ గీత దాటకుండా నిలబడుతుంది. పర్యావరణాన్ని కాపాడటానికి స్క్రూడ్రైవర్ చాలంటే ఎవరికీ గౌరవంగా ఉండదు, అదీ బాధ.

బిగింపు కార్యక్రమం మరీ కనులపండువ. కార్బేటర్‌కి పెట్రోలు తనంతట తానే పై నుంచి కిందికి దిగుతుంది. భూమ్యాకర్షణకు బిల్లు రాదు. ఇంజెక్టర్‌కి అలా కుదరదు, దాదాపు 3 బార్ల ఒత్తిడి కావాలి. అందుకని పంపు. పంపు ట్యాంకులో కూర్చోవాలంటే ట్యాంకు కోయాలి. పన్నెండేళ్లు పెట్రోలు తాగిన ట్యాంకు లోపలి ఆవిరి పూర్తిగా పోకుండా వెల్డింగు మంట చూపించే ధైర్యశాలికి బీమా ఏజెంటు నమస్కారం పెట్టి వెళ్లిపోతాడు. బయట పెట్టే పంపు తెస్తే, మిగిలిన పెట్రోలు వెనక్కి వెళ్లడానికి ఇంకో గొట్టం, ఒత్తిడి నిలపడానికి రెగ్యులేటర్, చెత్త ఆపడానికి ఫిల్టర్. అయినా ట్యాంకు తుప్పు ఎక్కడికీ పోదు. కార్బేటర్ జెట్‌లో పడిన నలుసుని నోటితో ఊది తీసేవాళ్లం. ఇంజెక్టర్ ముక్కుకి పట్టిన నలుసు నోటికి లొంగదు.

తర్వాత కరెంటు. చాలా పాత చిన్న బళ్లు బ్యాటరీ పీకేసినా ఒక్క కిక్కుతో స్టార్టయ్యేవి. వాటి స్టేటర్ కాయిల్ ఇచ్చేదే కొంచెం కరెంటు, అందులో 35 వాట్ల హెడ్‌లైటుకే సగం ప్రాణం పోతుంది. పంపు, ఇంజెక్టర్, ఈసీయూ కలిసి ఇంకో హెడ్‌లైటంత అడుగుతాయి. దాంతో కాయిల్ తిరగచుట్టించాలి, రెక్టిఫైర్ మార్చాలి, బ్యాటరీ పెంచాలి. పాత మ్యాగ్నెట్ మీద పికప్ కాయిల్ కోసం ఒక్క గుబ్బే ఉంటుంది. క్రాంక్ ఎక్కడుందో ఈసీయూకి తెలియాలంటే పళ్ల చక్రం కావాలి, కాబట్టి మ్యాగ్నెట్ కూడా లేతు మిషను ఎక్కుతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని పెద్దలు ఊరికే అన్లేదు. చోక్ బాధ తీరింది కానీ, బ్యాటరీ దిగితే బండి తోసినా స్టార్టవదు.

అన్నీ బిగించాక అసలు రహస్యం బయటపడుతుంది. డబ్బిచ్చి కొన్నది ఇంజెక్షన్ కాదు, ఖాళీ పట్టిక. ఆర్డుయినో బోర్డు మీద నడిచే స్పీడ్యుయినో లాంటి ఉచిత డిజైన్ తీసుకుంటే అందులో 16 అడ్డం, 16 నిలువు, మొత్తం 256 గళ్లు. ఏ స్పీడులో, ఎంత లోడులో ఎంత పెట్రోలు పోయాలో ప్రతి గడిలో మనమే నింపాలి. కంపెనీ ఇంజనీర్లు ఆ గళ్లను డైనమోమీటర్ మీద, ఎండలో, చలిలో, కొండ మీద నెలల తరబడి నింపుతారు. మనవాడు ఇంకెవరి బండి పట్టికనో తెచ్చి అతికిస్తాడు. ఆ ఇంకెవరి బండి 150 సీసీది.

చిన్న ఇంజన్ ఇంకో పరీక్ష పెడుతుంది. నూరు సీసీ బండికి ఐడిల్‌లో ఒక్కో పీల్పుకి కావలసిన పెట్రోలు రెండు మూడు మిల్లీగ్రాములు. తుక్కు కొట్టులో చవగ్గా దొరికిందని కారు ఇంజెక్టర్ పెడితే, అది సెకనులో వెయ్యో వంతు ఒకటో రెండో సేపు తెరుచుకుని మూసుకోవాలి. తెరుచుకోవడానికే అందులో చాలా భాగం పోతుంది. పైగా ఒంటి సిలిండరు ఇంజన్‌లో ఇన్‌టేక్ పైపు ఒత్తిడి ప్రతి పీల్పుకీ కిందికీ పైకీ దూకుతుంది. సెన్సార్ ఏ క్షణంలో చూసిందో దాన్ని బట్టి లోడు మారుతుంది. ఫలితం, సిగ్నల్ దగ్గర బండి ఆగి ఆగి కొట్టుకుంటుంది. దీనికి గురువుగారి పేరు ‘ఫైన్ ట్యూనింగ్ మిగిలి ఉంది’. కార్బేటర్ బండి ఇలాగే కొట్టుకుంటే మాత్రం దాని పేరు ‘మిస్సింగ్’.

వాదనలో ఓడినప్పుడు గురువులు కొండెక్కుతారు. ఎత్తుకు వెళ్లిన కొద్దీ గాలి పలచబడుతుంది, ఎఫ్ఐ తనే సర్దుకుంటుంది అంటారు. నిజమే. 3,500 మీటర్ల ఎత్తున లేహ్‌లో కార్బేటర్ ఆయాసపడుతుంది. కూకట్‌పల్లి నుంచి మాదాపూర్ వెళ్లే దారిలో మాత్రం తగిలే పర్వతం ఫ్లైఓవరొక్కటే. కొండ దిగాక ఇథనాల్ ఎక్కుతారు. 20 శాతం ఇథనాల్ కలిస్తే పెట్రోలు పాలు కాస్త పెంచాలన్నదీ నిజమే. అయితే ఆక్సిజన్ సెన్సార్ లేని కిట్టుకి ట్యాంకులో ఏం పోశారో కార్బేటర్‌కి తెలిసినంతే తెలుసు. కార్బేటర్‌కైతే ఒక సైజు పెద్ద జెట్ వేసి, ఇథనాల్‌కి తట్టుకునే రబ్బరు గొట్టాలు మారిస్తే సరిపోతుంది.

ఇంజనీరింగ్ కాలేజీల పుణ్యం కూడా కొంత చెప్పుకోవాలి. మెకానికల్ ఫైనలియర్ ప్రాజెక్టుల్లో ఈ మార్పిడికి స్థిరమైన గిరాకీ. బండి స్టార్టవకముందే రిపోర్టు బైండింగ్ అయిపోతుంది. అందులో మైలేజీ పెరిగి తీరుతుంది, గ్రాఫు పైకే పోతుంది, వైవాకు బండిని ఆటోలో తెస్తారు. ఇంజెక్షన్ ఎలా పనిచేస్తుందో ఆ కుర్రాళ్లు చేతులు కాల్చుకుని నేర్చుకుంటే అది 30,000కి చవకైన చదువు, దానికి నేను చప్పట్లు కొడతాను. ఆ చదువునే పొదుపని పేరు మార్చి రోజుకు 40 కిలోమీటర్లు తిరిగే పాల వ్యాపారికి అంటగడితేనే పేచీ.

చట్టం సంగతి గురువులు చివర్లో కూడా చెప్పరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో చేరిన 182ఎ సెక్షన్ అనుమతి లేని మార్పుకు ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా రెండూ అంటుంది. ఇంజెక్టర్ ఆ పరిధిలోకి రాదని వాదించే లాయరు దొరకొచ్చు. ఆయన ఫీజు కూడా మైలేజీ లెక్కలో వేసుకోవాలి.

కిట్టు గెలిచిన చోటే లేదా అంటే, ఉంది. ఫిలిప్పీన్స్‌లోని విగాన్, ప్యుయెర్టో ప్రిన్సెసా ఊళ్లలో టూ స్ట్రోక్ ట్రైసికిళ్లకు ఎన్విరోఫిట్ అనే సంస్థ డైరెక్ట్ ఇంజెక్షన్ కిట్లు వేయించింది. అమెరికాలో కొలరాడో స్టేట్ యూనివర్సిటీ నుంచి పుట్టిన సంస్థ అది. టూ స్ట్రోక్ కార్బేటర్ ఇంజన్ తాను పీల్చిన పెట్రోల్లో దాదాపు మూడో వంతుని కాల్చకుండానే సైలెన్సర్‌లోంచి వదిలేస్తుంది. ఎగ్జాస్ట్ దారి మూసుకున్నాక నేరుగా సిలిండర్లోకి పెట్రోలు కొడితే ఆ నష్టం ఆగుతుంది. ఆ బళ్లు రోజంతా కిరాయికి తిరుగుతాయి కాబట్టి మిగిలిన పెట్రోలు డబ్బుతోనే డ్రైవర్లు కిట్టు అప్పు తీర్చగలిగారు. అక్కడ కారడం అనే జబ్బు ఉంది, మందు దానికే పడింది. నాలుగు స్ట్రోకుల స్ప్లెండర్‌లో ఆ కారడమే లేదు. ఉన్న జబ్బల్లా మురికి.

కాబట్టి కిట్టు గురువులకు ఒక్కటే షరతు. బండి తెచ్చిన రోజున ముందు కార్బేటర్ కడగండి. ఫిల్టర్ మార్చండి, టాపెట్లు సర్దండి, టైర్లలో గాలి నింపండి. ఒక నెల తిప్పి మైలేజీ రాసుకోండి. ఆ తర్వాతే కిట్టు బిగించి, మళ్లీ నెల తిప్పి కొలవండి. రెండు పనులకూ రెండు బిల్లులు వేయండి. మొదటి బిల్లు, దానితో వచ్చిన మైలేజీ చూశాక కూడా రెండో బిల్లు అడిగే కస్టమరు దొరికితే, అతని బండికి స్టిక్కరు నా ఖర్చుతో వేయిస్తాను.